మెట్ల కింద మెడింగక్క

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో మా యూనివర్సిటీ ఇంజనీరింగ్ భవనం మెట్ల కింద మెడింగ్ జిరాక్స్ కొట్టు ఉంది. అక్కడ కూర్చుంటే దిగేవాళ్ల కాళ్లే ముందు కనిపిస్తాయి. చెప్పులు చూసి ఎవరొస్తున్నారో మెడింగ్ చెప్పేస్తుంది.

విదేశీ పుస్తకాలు కొనడం మా పిల్లల తరం కాదు. లైబ్రరీ నుంచి తెచ్చిస్తే మెడింగ్ పేజీ పేజీ స్కాన్ చేసి తన కంప్యూటర్లో పెట్టేది. వాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుపోయేవారు. సాయం చేసినవాళ్ల పేరు ఎక్కడో ఒకచోట పెట్టందే ఇక్కడి పిల్లలకి తోచదు. ఆ పుస్తకాలన్నీ క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, దానికి ‘మెడింగక్క’ అని పేరు పెట్టారు. ఆ మాట విని మెడింగ్ మురిసిపోయింది. పక్కనే బాణలి పెట్టుకుని అమ్ముకునే పాసింగ్ అనే ఆవిడ దగ్గర అందరికీ పంచదార పాకం పట్టి పుల్లలకి గుచ్చిన అరటిపండ్లు తినిపించింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు హిరాయా అనే పిల్ల పరుగున వచ్చింది.

“అక్కా, పుస్తకాల కంపెనీలు ఫిర్యాదు చేశాయట. కంప్యూటర్ ఆఫీసువాళ్లు ఫోల్డర్ చూసేశారు. ఈ మెడింగక్క ఎవరని కొట్టుకొట్టుకీ తిరుగుతున్నారు. దొరికితే కొట్టు తీయించేస్తారట!”

మెడింగ్ చేతిలో కాగితాలు జారిపోయాయి. ఆ కొట్టే ఆమె ఇంటికి అన్నం.

“తీసెయ్యండే, ఇప్పుడే తీసెయ్యండి!”

“ఎక్కడని తీస్తాం? హాస్టల్లో ఎవరి కంప్యూటర్ తెరిచినా నువ్వే ఉన్నావు.”

“నా పేరే దొరికిందా మీకు? మీ డీన్ పేరు పెట్టుకోలేకపోయారా?”

“ఆయన మాకు ఒక్క పేజీ అయినా ఇచ్చాడా?”

మెడింగ్‌కి నవ్వు రాలేదు. వెంటనే తన కంప్యూటర్లో ఉన్నవన్నీ చెరిపేసింది.

మర్నాడు మెట్ల మీద నల్లటి బూట్లు దిగాయి. ఈ వానల్లో మా దగ్గర బూట్లు తొడిగేవాళ్లు లేరు.

“పేరేంటమ్మా?” అన్నాడు కంప్యూటర్ ఆఫీసు నుంచి వచ్చినాయన.

“రె... రెమెడియోస్, సార్.”

అబద్ధం కాదు. మెడింగ్ అనేది ముద్దుపేరే, కొట్టు పర్మిట్ మీద ఉన్నది రెమెడియోస్ అనే. ఆయన కంప్యూటరంతా వెతికాడు. ఏమీ దొరకలేదు. లేవబోతుండగా పైనుంచి ఒక కుర్రాడి కేక:

“మెడింగక్కా! ఉన్నావా?”

మెడింగ్ యంత్రం వైపు తిరిగిపోయింది.

“ఆఁ, ఉన్నాన్రా! రెండు పుల్లలు చాలా?” అంది పాసింగ్, బాణలి మీంచి తల ఎత్తకుండానే.

ఆయన గిర్రున తిరిగాడు. “మెడింగ్ అంటే నువ్వా?”

“నేనే సార్.”

“కాపీలు చేస్తావా?”

“నేనా? ఆ గేటు దగ్గరావిడే నా పాకం చూసి కాపీ కొట్టింది. ముందు దాన్ని పట్టుకోండి!”

ఆయన బాణలినీ, నూనె ఓడుతున్న ఆమె చేతుల్నీ చూసి తల విదిలించి వెళ్లిపోయాడు. కేకేసిన కుర్రాడు అడగని అరటిపండ్లు పట్టుకుని నిలబడిపోయాడు.

కొట్టు నిలిచింది. కానీ ఎన్ని కంప్యూటర్లలో తన పేరు తిరుగుతోందో మెడింగ్‌కి తెలియదు. ఇప్పుడు ఎవరు “మెడింగక్కా” అన్నా పాసింగే పలుకుతుంది. మెడింగ్ మాత్రం యంత్రం వెనక్కి ఒదిగి, ముందు వాళ్ల కాళ్ల వంక చూస్తుంది.