వెనక్కి తిరగని లారీ

కరోనా తగ్గి, బేతంచెర్ల నాపరాతి బండల లారీలు మళ్లీ జోరుగా తిరగడం మొదలైన ఏడాది అది. కర్నూలులో సైకాలజిస్టుగా నేను కూర్చునే గదికి ఒక మధ్యాహ్నం లారీ డ్రైవర్ ఖాజాను వాళ్లమ్మ వెంటబెట్టుకొచ్చింది. ఇన్నేళ్లలో ఎన్నో కేసులు చూశాను గానీ, ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ హుషారొస్తుంది. వైద్యంలో అసలు ముక్క లారీలోనే జరిగింది మరి!

"చక్రం గుంతలో దిగితే చాలు మేడమ్, ఎవురినో తొక్కించినట్టే అనిపిస్తాది," అన్నాడు ఖాజా. "బండాపి ఎనక్కి పోయి చూసొస్తా. ఎవురూ ఉండరు. ఇంత దూరం వచ్చినాక మళ్లా అనుమానం, సరిగ్గా చూసినానా లేదా అని. మళ్లా తిప్పుతా. లోడు టయానికి చేరక, బండి తాళాలు ఇచ్చేయమంటాండాడు ఓనరు. స్టీరింగ్ తప్ప నాకింకేం రాదు."

అతను ఏనాడూ ఎవరినీ గుద్దలేదు. అతనిది ఓసీడీ. అక్కర్లేని భయం ఒకటి తలలో దూరి, దాన్ని చల్లార్చుకోవడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. చూసొస్తే కాసేపు నెమ్మదిస్తుంది, ఆ తర్వాత మళ్లీ చూడమంటుంది.

"చిన్నప్పుడు ఎట్లుండేవాడమ్మా?" అని తల్లిని అడిగాను.

ఆమె మొహం వెలిగిపోయింది. "బంగారు మేడమ్! శానా జాగర్త. ఎనిమిదేళ్లప్పుడే, మేమంతా పండుకున్నాక తలుపు గడియ చూసొచ్చేవాడు. పండుకొని మళ్లా లేసి చూసేవాడు. ఇట్లాంటి కొడుకు ఉండాలని వీధి వీధంతా మెచ్చుకునేది."

ఖాజా తల వంచుకున్నాడు. "జాగర్త కాదు అమ్మీ. చూడకుంటే తెల్లారేసరికి నువ్వు సచ్చిపోతావని భయం. ఎవురికి చెప్పాలో తెలీలా."

తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని, "నాకు చెప్పకూడదా బేటా?" అని ఏడ్చేసింది. నాకైతే చిక్కుపడిన దారానికి కొస దొరికినట్టయింది. ఎనిమిదేళ్ల పిల్లాడికి తలుపు గడియ దగ్గర మొదలైన భయమే ఇది! ఎవరూ పట్టించుకోక, పైగా అందరూ మెచ్చుకోగా, అతనితో పాటే పెరిగి పెద్దదై లారీ ఎక్కింది.

సైకియాట్రిస్టు మందులు మొదలుపెట్టారు. నా వంతు ఎక్స్‌పోజర్ థెరపీ. అంటే భయపెట్టే చోటికే మెల్లగా తీసుకెళ్లి, అలవాటైన ఆ పని మాత్రం చేయనివ్వకపోవడం. మొదట గదిలో, తర్వాత బైకు మీద సాధన చేయించాను. చివరికి ఒక పొద్దున ఖాళీ లారీలో బయల్దేరాం. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఆ క్యాబిన్‌లోకి ఎక్కడానికి నేను పడ్డ పాట్లు చూసి ఖాజా మొదటిసారి నవ్వాడు.

"గుర్తుంది కదప్పా? ఆపేది లేదు, తిప్పేది లేదు, నన్ను అడిగేది లేదు."

"సరే మేడమ్."

బేతంచెర్ల దాటగానే ఖాళీ రోడ్డు మీద గుంత. ధడేల్! ఖాజా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేడమ్, ఎవురూ లేరు కదా?"

లేరు అని ఒక్క మాటంటే ప్రాణం లేచొచ్చేది అతనికి. కానీ ఆ మాట కూడా గడియ చూసిరావడం లాంటిదే, కాసేపే పనిచేస్తుంది. నోటిదాకా వచ్చిందాన్ని మింగేశాను.

"నేను చెప్పను. మెల్లగా పోనియ్."

"ఒక్కసారి చూసొస్తా, మీకు దండం పెడతా!"

"భయం ఉండనీ. భయంతోనే పోనియ్!"

లారీ నెమ్మదించింది. అయిపోయింది, ఆపేస్తాడనుకున్నాను. గేరు మార్చాడు. లారీ ముందుకే కదిలింది! రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి స్టీరింగ్‌ను బిగించి పట్టుకున్న అతని వేళ్లు వదులయ్యాయి.

"మేడమ్, తగ్గతాండాది! చూడకున్నా తగ్గతాండాది!" అని అరిచాడు. నేనూ అరిచాను. గేటు దగ్గర ఆగినవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. చూస్తే చూడనీ!

ఒక్క రోజుతో పోయే జబ్బు కాదు. నెలలు పట్టింది. మధ్యలో వెనక్కి తిప్పిన రోజులూ ఉన్నాయి. తాళాలు మాత్రం అతని దగ్గరే ఉండిపోయాయి.

పోయినేడు లోడు దించి నేరుగా నా గదికొచ్చాడు, పక్కన కూతురు రేష్మ.

"ఏమప్పా, మళ్లీ మొదలైందా?"

"నాకు కాదు మేడమ్, పాపకు. బడి సంచి సర్దుతాది, అంతా తీస్తాది, మళ్లా సర్దుతాది. టీచరమ్మ శానా మెచ్చుకుంటాండాది. అమ్మీ కూడా మెచ్చుకోబోతే నేనే ఆపినా. పక్కన కూర్చోబెట్టుకొని, సర్దకుంటే ఏమైతాదని భయం బేటీ, అని అడిగినా."

"ఏమంది?"

ఖాజా కూతురి వైపు చూశాడు. రేష్మే చెప్పింది. "మా అబ్బా లారీ తీసుకొని పోయి మళ్లా ఇంటికి రాడేమోనని."

జాగ్రత్తగా ఉండే పిల్లలందరికీ జబ్బు ఉండదు. వాళ్లు ఇష్టంగా చేస్తున్నారా, భయంతో చేస్తున్నారా అన్నది అడిగితేనే తెలుస్తుంది. ఖాజా చిన్నప్పుడు ఆ మాట ఎవరూ అడగలేదు. రేష్మను వాళ్ల నాన్న అడిగాడు.