చట్రం మీద బొట్టు

మొన్న పొద్దున కరీంనగర్‌లో మా డాబా మీద సోలార్ పలకలు బిగించారు. పని ముగిసిందో లేదో, కోడలు కవిత పూజకని ఇత్తడి గిన్నెలో పసుపు కలపడం మొదలుపెట్టింది. తడి పసుపు వాసన తగలగానే నా మనసు ముప్పై ఏళ్లు వెనక్కి, బోథ్ అవతలి ఒక ఊరికి పోయింది. అక్కడ మా ఆరోగ్య ఉపకేంద్రం పెంకుల కప్పు మీద ఒకే ఒక్క సోలార్ పలక ఉండేది. దాన్ని ఎంచి పెట్టించింది మా అనసూయక్క. ఆమె ఆ కేంద్రానికి పెద్ద నర్సు, నేను ఆమె కింద కొత్తగా చేరిన చిన్న నర్సును. కేంద్రం వెనక గదిలోనే ఇద్దరం కాపురం ఉండేవాళ్లం.

అనసూయక్క సిరిసిల్ల నేతవాళ్ల ఇంటి పిల్ల. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే, నర్సు చదువు చదివి ఆ ఊరికి వచ్చింది. మాట పెళుసు, చెయ్యి మెత్తన. నాకు మొదట్లో ఆమె అంటే భయం, తరువాత కోపం, ఆ తరువాత ఆమె పక్కన లేకపోతే తోచేది కాదు. ఆమె నొసట బొట్టు ఉండేది కాదు. ఊళ్లో పేరంటాలకు పిలిస్తే గడప బయటనే నిలబడి, పలకరించి వచ్చేసేది.

ఆ ఊళ్లో కరెంటు ఉందంటే ఉంది, లేదంటే లేదు. నేను రాకముందు గంగాబాయి అనే రైతు ఇల్లాలి పెద్దకోడలికి కందిలి వెలుతురులోనే కాన్పు చేయాల్సి వచ్చింది. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. "కందిలి ఎలుగుల నెత్తురు నల్లగ కనవడ్డది పిల్లా. నీళ్లనుకున్న. తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది," అని అక్క నాతో ఒక్కసారే చెప్పింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ కందిలి చిమ్నీని రోజూ మసి చుక్క లేకుండా తుడిచేది.

అలాంటి సమయంలో, సర్కారు పథకం కింద సోలార్ పలక ఇస్తామని ఒకాయన వచ్చాడు. పెద్దదో చిన్నదో మీరే ఎంచుకోండన్నాడు. పెద్దదైతే ఫ్యాను, టీవీ కూడా నడుస్తాయి. అయితే అంత బరువును మా పాత పెంకుల కప్పు ఆపదు. బాట పక్కన స్తంభం వేసి నిలబెట్టాలి, అక్కడేమో మధ్యాహ్నం దాటితే వేపచెట్టు నీడ.

"పెద్దదే తీసుకో నర్సమ్మా, ఊరంత టీవీ సూస్తం," అన్నాడు ఊరి పటేల్.

"టీవీ సూసుకుంట కాన్పు చెయ్యమంటవా పటేలా? ఇంటికి ఏం గావాలెనో ముందుగాల సూసుకోవాలె, ఎంత దొరుకుతదో కాదు. నాకు కాన్పు గదిల ఒక బుగ్గ, గడప మీద ఒక బుగ్గ. గంతే."

రెండు బల్బులకు సరిపడే చిన్న పలకే తీసుకుంది. కప్పు మీద ఎక్కడ బిగించాలని అడిగితే, దక్షిణం దిక్కు మూల చూపించింది. "గాడ పెట్టు. వానకాలంల గూడ మా దుప్పట్లు గాడనే ముందు ఆరుతయి." చిన్నప్పటి నుంచి నూలు ఆరేసిన మనిషికి ఎండ నడక తెలియకుండా ఉంటుందా? బిగించే ఆయన కూడా అటూ ఇటూ చూసి, అదే మంచి చోటన్నాడు. ఆ బల్బు కింద నేను నవల తెరిస్తే మాత్రం అక్క ఊరుకునేది కాదు. "నీ రాకుమారుని కోసం తెచ్చిన బుగ్గ గాదది, ఆర్పు," అనేది.

ఆ ఏడు దసరాకు ఇద్దరం మా మా ఊళ్లకు పోయాం. తిరిగొచ్చిన సాయంత్రం స్విచ్చి వేస్తే బల్బు నిప్పుకణికలా ఎర్రగా మిణుకుమంది. పండుగని గడప బల్బును ఎవరూ ఆర్పలేదట, అందుకే అనుకున్నాం. తెల్లారి నిచ్చెన వేసి చూస్తే అసలు సంగతి తెలిసింది. నాగలికి, బండికి చేసినట్టే పలకకూ పూజ చేశారు. అద్దం నిండా మందంగా పసుపు, దాని మీద వరసగా కుంకుమ బొట్లు, పైన బంతిపూల దండ. సూర్యుడు దూరడానికి సందు లేదు. చేసింది గంగాబాయి. ఆమె చిన్నకోడలికి నెలలు నిండాయి, ఈ దీపమే తమను కాపాడాలని మొక్కుకుని చేసింది.

అదే పొద్దున ఆ కోడలికి నొప్పులు మొదలయ్యాయి. బండి ఎక్కించుకుని ఆసుపత్రికి పోదామంటే, రాత్రి ఎగువన కురిసిన వానకు వాగు పొంగి బాట తెగింది. తొలి కాన్పు, రాత్రి దాకా పట్టవచ్చు. ఇప్పుడే పలక కడిగితే సాయంత్రానికి బ్యాటరీ కొంతైనా నిండుతుంది. అక్క తడిగుడ్డ పట్టుకుని నిచ్చెన ఎక్కబోతే గంగాబాయి అడ్డం నిలబడింది.

"అద్దు నర్సమ్మా! కోడలు నొప్పులు వడుతుంటె పెట్టిన బొట్టు తుడుస్తరా? నా ఇంటికి అరిష్టం."

నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం కసరలేదు. నిచ్చెన మీద చెయ్యి వేసి మెల్లగా అంది: "గంగక్కా, నా బొట్టు తుడిచిన్నాడు నా చేతులు పట్టుకొని తుడిచిండ్రు. నేను సావలే గదా, నీ ముంగటనే ఉన్న. గిది బొట్టు తుడుసుడు గాదు, కండ్ల పుసి కడుగుడు. దానికి కండ్లు గనవడకుంటె నాకు గనవడయి. ఒక్కసారి గట్లనే అయింది."

గంగాబాయి కొంగు నోట్లో కుక్కుకుని పక్కకు జరిగింది. కాసేపటికి తనే బిందెతో నీళ్లు తెచ్చి అందించింది.

రాత్రి ఆడపిల్ల పుట్టింది. రక్తం ఎక్కువే పోయింది, కానీ ఈసారి ఎర్రగా, స్పష్టంగా కనిపించింది. అక్క వెంటనే సూది వేసి, చేతితో పొట్ట ఒత్తుతూ ఆపగలిగింది. అంతసేపూ బల్బు కొంచెం కూడా మసకబారలేదు. తల్లీబిడ్డా ఇద్దరూ దక్కారు.

మరునాడు గంగాబాయి కుంకుమ భరిణె తెచ్చి అక్క ముందు పెట్టింది. "మళ్ల నువ్వే పెట్టు నర్సమ్మా. యాడ పెట్టాల్నో నీకే ఎరుక."

"నేనా?" అంది అక్క. ఆ గొంతు నేనెన్నడూ విననిది.

"నువ్వు గాక ఇంకెవలు?"

అక్క నిచ్చెన ఎక్కింది. అద్దానికి కాకుండా, చుట్టూ ఉన్న ఇనుప చట్రానికి ఒక్క బొట్టు పెట్టింది. దిగాక వేలికి అంటిన కుంకుమను చాలాసేపు చూసుకుంది. కడుక్కోలేదు. ఆ పూట అన్నం చెంచాతో తింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఎన్ని పలకలు కావాలని పోయిన నెల ఇక్కడి కంపెనీ పిల్లవాడు అడిగినప్పుడు, ముందు మా ఇంట్లో ఏవేవి ఎప్పుడు నడుస్తాయో రాసుకో నాయనా అన్నాను. నీడ ఎటు పడుతుందో చూడమన్నాను. అది అక్క పెట్టిన బుద్ధే. కానీ ఆమె నాకిచ్చింది అంతేనా?

రెండేళ్ల కింద మా ఆయన పోయినప్పటి నుంచి కవిత ఇలాంటి శుభకార్యాలకు నా వైపు చూడదు. చెడ్డది కాదు, నన్ను నొప్పించకూడదనే ఆ పిల్ల బాధ. మొన్న కూడా బొట్టు పెట్టడానికి పక్కింటామెను పిలవబోయింది.

"ఆగు బిడ్డా, గిటియ్యి," అని కుంకుమ భరిణె అందుకున్నాను. "అద్దానికి పెట్టద్దు. చట్రానికి పెట్టాలె."

పెట్టాను. వేలికి అంటిన కుంకుమ ఆ రోజంతా అలాగే ఉంచుకున్నాను.