ట్యుటోరియల్‌లో నేర్చిన ఒప్పుకోలు

డెబ్బైల నడిమి సంగతి. నాన్న చూపు బాగా తగ్గింది. మగ్గం మీద తెగిన పోగును కంటితో కాక వేళ్ళతో వెతుక్కునేవాడు. ఇక మా ఇల్లు నా ఉద్యోగం మీదే నిలవాలి. డిగ్రీ ఉంది కానీ, ఇంగ్లీషులో అడిగితే నోరు పెగలక రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాను. మూడోది ఒక కంపెనీలో గుమాస్తా పనికి. ఇదీ పోతే ఏం చేయాలో తోచేది కాదు.

నెల రోజులు పొద్దున్నే మంగళగిరిలో బస్సెక్కి గవర్నర్‌పేటలో ఒక మేడమీది ట్యుటోరియల్‌కి వెళ్ళాను. మాస్టారు "ఐ లైక్ కాఫీ" అనేవారు. ఇరవై మందిమీ "సో డూ ఐ" అని అరిచేవాళ్ళం. నేనూ అంతే అని అర్థం. నాకు కాఫీ వాసనే పడదు. అయినా అందరికన్నా గట్టిగా అరిచేదాన్ని.

"కాదని చెప్పాలంటే ఎలాగండీ?" అని ఒకరోజు అడిగాను.

"అది వచ్చే నెల పాఠం అమ్మా. ముందు ఒప్పుకోవడం రానీ."

నా ఇంటర్వ్యూ ఈ నెలలోనే. అయినా మాస్టారిని అని ఏం లాభం? మా ఇంట్లో తెలుగులోనే ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్ళు ఏమన్నా "అవునండీ" అనడమే. ఇంటర్వ్యూ రోజు నాతో బయల్దేరుతూ నాన్న కూడా అదే అన్నాడు. "పెద్ద ఆఫీసర్లమ్మా. దేనికీ ఎదురు చెప్పమాక."

ఆఫీసరు నా కాగితాలు తిరగేసి, "ఐ థింక్" అని మొదలుపెట్టి, పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలు ఉద్యోగంలో ఏడాది కూడా నిలవరని ఇంగ్లీషులో అన్నాడు. ప్రతి మాటా అర్థమైంది. నిలుస్తానండీ, నాకు వేరే దారి లేదండీ అని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది.

"సో డూ ఐ" అన్నాను.

నా నోరు పడిపోను! ఆయన నవ్వి, కాగితాలు మడిచి నా చేతికిచ్చాడు.

నాన్న బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే లేచాడు.

"అన్నిటికీ చెప్పావా అమ్మా?"

"చెప్పాను నాన్నా."

"ఇంగ్లీషులోనే?"

"ఇంగ్లీషులోనే."

"దేనికీ ఎదురు చెప్పలా కదా?"

"లేదు నాన్నా."

ఆయన ముఖం వెలిగిపోయింది. నా భుజం పట్టుకుని, మెట్టు మెట్టూ కాలితో తడుముకుంటూ దిగాడు.

"మరింకేం, ఉద్యోగం వచ్చినట్టే."

"అవును నాన్నా" అన్నాను.