రెండు కొసలూ మొనదేలిన మాను

పీతల డొప్పలు ఒలిచీ ఒలిచీ వెర్నా వేళ్లు కొడవళ్లలా వంగిపోయాయి. ఇరవయ్యారేళ్లు ఉత్తరపు దీవుల్లోని మాసెట్ రేవులో, పీతల కార్ఖానాలో పనిచేసింది. అది మూతపడ్డాక, యాభై ఎనిమిదో ఏట, ఎవరూ ఊహించని కొలువులో చేరింది. కలప కంపెనీ రంపాలు అడవిలో దిగకముందే ఆ అడవినంతా కాలినడకన గాలించాలి. ఆ దీవుల ఆదివాసులు, తనవాళ్లే అయిన హైడా జనం పూర్వం చెయ్యివేసిన ప్రతి చెట్టుకూ, దాన్ని నరక్కుండా నీలం రిబ్బను కట్టాలి. ఆమె దేవదారు బెరడుతో బుట్టలల్లే ఇంట్లో పుట్టిన మనిషి. వందేళ్ల కిందట ఎవరో బెరడు ఒలిచిన దేవదారును కూడా అల్లంత దూరం నుంచే పోల్చేది.

మొగుడు పర్సీ మాత్రం ఆటపట్టించడం మానలేదు. అతనిది గద్ద వంశం, ఆమెది బొంతకాకి వంశం. ఆ దీవుల్లో కాకి గద్దనే కట్టుకోవాలి, కట్టుకున్నాక బతుకంతా ఒకరినొకరు ఎత్తిపొడుచుకోవాలి.

“కాకులింతే! ఎక్కడేం కనపడ్డా మాదేనంటూ వాలిపోతారు.”

“గద్దలు తక్కువా? ఇంకోడు పట్టిన చేప కోసం కొమ్మెక్కి కూచుంటారు.”

ఆ ఏడు జూన్‌లో సర్వే ఆఖరిరోజు. కింద ఒడ్డున పర్సీ పడవలో కాచుకుని ఉన్నాడు. పోటు తగ్గేలోగా పడవెక్కకపోతే రాత్రంతా వానలో తడవాల్సిందే. విక్టోరియా నగరం నుంచి వచ్చిన పురావస్తు తవ్వకాల పిల్ల ఇన్‌గ్రిడ్ అప్పుడే సంచీ సర్దేసింది. వసంతం నుంచీ వెర్నా ఇంట్లోనే ఉంటూ ఆమెను పిన్నీ అని పిలవడం మరిగింది.

“పిన్నీ, ఈ వాలులో ఏం లేదు. అంతా గాలికి పడిన మొద్దులే. పోదాం పద.”

వెర్నా కదల్లేదు. ఎదురుగా నాచు కప్పుకున్న ఓ మాను పడుంది. దాని వీపు మీద చిన్న చిన్న మొక్కలు వరసగా మొలిచాయి. అలాంటివి ఆ అడవిలో వేలు. కానీ ఆమె దీన్ని వదల్లేదు. ఒక కొసకు నడిచింది. మళ్లీ రెండో కొసకు నడిచింది.

“ఇన్‌గ్రిడ్, పడిన చెట్టుకి ఒక పక్క వేరుండాలా వద్దా?”

“ఉండాలి.”

“మరి రెండు కొసలూ మొనదేలిన చెట్టుని నువ్వెక్కడైనా చూశావా?”

ఇన్‌గ్రిడ్ సంచీ కింద పడేసి దగ్గరికొచ్చింది. వెర్నా మోకాళ్ల మీద కూలబడి నాచులోకి చెయ్యి దూర్చింది. మోచేతి దాకా పోయింది. లోపల బోలు! పుచ్చిన బోలు కాదు; బాడిశతో చెక్కిన గాట్లు చేప పొలుసుల్లా వేళ్లకు ఒక్కొక్కటే తగిలాయి. ఆమె వేసిన కేకకు కొమ్మల మీది పక్షులన్నీ లేచిపోయాయి.

ఆ తర్వాత ఇద్దరూ పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ పరుగెత్తారు. ముప్ఫై అడుగుల దూరంలో నరికిన మోడు దొరికింది. దాని పక్కన మట్టి గోకితే చెక్కపేళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఇన్‌గ్రిడ్ ఏడుస్తూ నవ్వుతోంది. వెర్నా వైర్‌లెస్ అందుకుంది.

“పర్సీ! పడవ! పడవ దొరికింది!”

“దొరకడమేంటే? నేను దాన్లోనే కూచున్నాగా!”

“నీ పడవ కాదయ్యా, మొద్దూ! మన తాతలది! చెట్టులోంచి సగం బయటికొచ్చిన దోనె!”

“పోటు సంగతి వదిలెయ్,” అన్నాడు పర్సీ గరగరల మధ్య. “నేనూ వస్తున్నా.”

రెండోనాడు ఊళ్లోంచి నాలుగు పడవలు కదిలాయి. మొదటిదాంట్లో వెర్నా మేనమామ రూఫస్, ఎనభై ఒక్కేళ్ల చెక్కడపు పనివాడు. కుర్చీలో మోసుకెళ్తామంటే, “నేనింకా చావలేదు” అని కసిరి, చెట్ల వేళ్లు పట్టుకుని పాక్కుంటూ వాలెక్కాడు. దోనె పక్కన కూచుని, కళ్లు మూసుకుని, అంచు పొడవునా అరచేత్తో తడిమాడు. ఒకచోట చెయ్యి ఆగింది. అటువైపు చెక్కడం నున్నగా ఉంది, ఇటువైపు గరుకు.

“పగులు తగిలి వదిలేశారా మావయ్యా?” అంది వెర్నా.

“ఒక్క పగులూ లేదమ్మా. మాను బంగారం. మనిషే తిరిగి రాలా.” ముసలాయన గొంతు తగ్గింది. “మశూచి పడ్డ ఏడాది అయ్యుంటది. ఊళ్లకూళ్లే పోయాయి గదా.”

వాన చినుకులు ఆకుల మీద పడుతున్నాయి. అంతలోనే రూఫస్ తల పైకెత్తి గట్టిగా అరిచాడు.

“చూస్తారేంట్రా? కొలతాడు తెండి! దోనె అడుగు ఎంత పల్చన చెక్కాలో అరవయ్యేళ్లుగా బుర్ర బద్దలుకొట్టుకుంటున్నా. చెప్పేవాళ్లంతా నేను పుట్టక ముందే పోయారు. ఇదిగో, ఇక్కడ చెప్పిపెట్టి పోయాడు మహానుభావుడు!”

సాయంత్రం దాకా జానలతో, మూరలతో, తాళ్లతో కొలుస్తూనే ఉన్నారు. ఇన్‌గ్రిడ్ పుస్తకం నిండిపోతే ఎండుచేప చుట్టుకొచ్చిన కాగితాల మీద రాసింది.

కబురు నగరానికి చేరింది. ఓ మ్యూజియం వాళ్లు ఊరి సభకు వచ్చి, హెలికాప్టర్‌తో లేపి పట్టుకెళ్తాం, భద్రంగా ఉంటుంది అన్నారు. సభల్లో ఎప్పుడూ నోరు విప్పని వెర్నా లేచి నిలబడింది.

“అది మాకు బడి. మోడు ఇక్కడుంది, పేళ్లు ఇక్కడున్నాయి, చెట్టు కూలిన గుంట ఇక్కడుంది. దోనె ఒక్కటీ పట్టుకెళ్తే పాఠంలో ఒక్క పేజీ చించుకెళ్లినట్టు. మీరే రండి, చూడండి. చేపలు పెడతాం.”

ఏడాది పాటు వాదులాట సాగింది. చివరికి దోనె కదల్లేదు. ఆ వాలంతా కంపెనీ నరికే అడవి పటంలోంచి తీసేశారు.

ఆ తర్వాతి వేసవిలో ఆ కొలతలతోనే రూఫస్ కొత్త దోనె చెక్కించాడు. తను బాడిశ పట్టలేడు గనక తిట్లతోనే పని నడిపించాడు. నీట దించిననాడు ఊరంతా ఒడ్డున నిలబడి డప్పులు మోగించింది. రూఫస్‌ను మధ్యలో కూచోబెట్టారు. ముందుకొసన తెడ్డు పట్టింది వెర్నా. మునిగితే పైకి లాగడానికి పర్సీ తన మోటారు పడవతో వెనకే బయల్దేరాడు.

“మెల్లగా పోనీవే! అది పడవా, రాకాసా?”

“రా, గద్దా, ఎగిరి రా!” అని అరిచింది వెర్నా, వెనక్కి తిరిగి చూడకుండానే తెడ్డు వేస్తూ. అల మీదికి లేచిన దోనె ముందుకొస ఒక్కసారి గాల్లో నిలిచి దబ్బున దిగింది. ఉప్పునీళ్లు అందరి మొహాలనూ కడిగేశాయి. మధ్యలో కూచున్న ముసలాయన, ఇంకా జోరుగా తెడ్డు వెయ్యండర్రా అని కేకలు పెడుతూనే ఉన్నాడు.