ఆరేళ్ళ నాలుగు నెలల బ్యాటరీ

ఒక మనిషి పొదుపరి అని పేరు తెచ్చుకున్నాడంటే, ఇంట్లో ఇంకెవరో ఆ పేరుకు వెట్టిచాకిరీ చేస్తున్నారని అర్థం. ఈ లారీ డ్రైవరు ఇంట్లో ఆ చాకిరీ ఆయన భార్యది. ఆ చాకిరీకి మూరెడు పొడవు చెక్కదిమ్మ, దానికో తాడు ఉండేవి.

డ్రైవరును లారీల స్టాండులో అందరూ 'పల్లమెరుగు' అంటారు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్న సామెతలో మొదటి సగం ఆయనకు కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. ఎక్కడ ఆగాలన్నా ముందు ఏటవాలు నేల వెతుక్కుంటాడు. లారీ మూతిని పల్లానికి పెట్టి, చక్రానికి చెక్కదిమ్మ అడ్డం పెట్టి దిగుతాడు. మళ్ళీ బయల్దేరేటప్పుడు దిమ్మ లాగేస్తే లారీ తనంతట తానే దొర్లుతుంది. కాస్త జోరందుకోగానే గేరు వేసి క్లచ్చి వదిలితే ఇంజను అందుకుంటుంది. తాళంచెవి తిప్పి బ్యాటరీని ఇబ్బంది పెట్టే పనే లేదు.

"సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ బ్యాటరీ ఆయుష్షులో ఒక రోజు పోతుంది" అని ఆయనకు పని నేర్పిన గురువు చెప్పాడట. ఆ గురువుగారి లారీ ఒకరోజు డ్రైవరు ఎక్కకముందే బయల్దేరి, పల్లం చివరున్న మంగలి షాపు గోడలో ఆగింది. ఈ రెండో సంగతి శిష్యుడు ఎవరికీ చెప్పడు.

అద్దెకు ఇల్లు చూడబోయినప్పుడు భార్య నీళ్ళొస్తాయా, గాలాడుతుందా అని గదులు తిరుగుతుంటే, ఆయన వీధి మధ్యలో కూర్చుని గోలీకాయ వదిలి చూశాడు. దొర్లింది. ఇల్లు ఖాయమైంది. ఆ ఇంట్లో పాలగిన్నె ఈనాటికీ ఒక పక్కనుంచే పొంగుతుంది. రోజూ పొద్దున ఆరింటికి ఆయన క్యాబిన్‌లో కూర్చుని "ఊఁ" అంటాడు. ఆవిడ తాడు లాగి పక్కకు గెంతుతుంది. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో మొగుడు తనతో అంత మెత్తగా అన్న మాట ఇంకోటి లేదని అక్క దగ్గర చెప్పి నవ్వేది.

ఆ అక్క మొగుడిది మెయిన్ రోడ్డు మీద బ్యాటరీల షాపు. ఎవరికి ఏ బ్యాటరీ అమ్మినా మూత మీద తెల్ల పెయింటుతో నెల, సంవత్సరం రాసి పంపడం ఆయన పద్ధతి. "లారీ బ్యాటరీకి మూడేళ్ళు. నీళ్ళు తగ్గకుండా చూసుకుంటే నాలుగు. ఐదు దాటితే అది బ్యాటరీ కాదు, మొండితనం" అనేవాడు. ఆ మాటకు జవాబుగా పల్లమెరుగు తన లారీ పక్కనున్న పెట్టె తెరిచి, సంబంధం వాళ్ళకు పిల్ల ఫోటో చూపించినంత గర్వంగా, జంట బ్యాటరీల మీది పెయింటు చూపించేవాడు. లారీకి రెండు బ్యాటరీలు కలిస్తేనే ఇంజను తిరుగుతుంది. ఆ రెంటి మీదా తోడల్లుడి చేతిరాతే. దాని ప్రకారం వాటి వయసు ఆరేళ్ళ నాలుగు నెలలు.

"మా అన్నయ్య రాసిందే. నేను రాసుకున్నది కాదు" అనేవాడు టీ బంకు దగ్గర. "మధ్యలో నాకు కామెర్లొచ్చి నెల్లాళ్ళు మంచం పట్టానా? లారీ కూడా నాతోపాటే పడుకుంది. లేచొచ్చి తాళం తిప్పితే ఏమైంది? పులిలా గర్జించింది! మనిషికైనా బ్యాటరీకైనా విశ్రాంతి ముఖ్యం."

ఈ కామెర్ల కథ వచ్చినప్పుడల్లా పక్కనే ఉంటే తోడల్లుడు ఆకాశం వంక చూసేవాడు. భార్యకు దగ్గొచ్చేది.

ఇలా ఉండగా పాల కేంద్రం వాళ్ళు ఏడాది పొడుగునా పాల క్యాన్లు తోలడానికి ఒక లారీ కావాలన్నారు. ఒకటే దారి, మధ్యాహ్నానికి ఇల్లు. అప్పటిదాకా ఆయన తోలుతున్నది కంకర. నడుముకు పట్టీ, అర్ధరాత్రికి ఇల్లు. డాక్టరు ఎక్స్‌రే కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకుని, "ఈ నడుముతో ఇంకో ఏడాది కంకర తోలితే నీ లారీకి ఇంకో డ్రైవర్ని చూసుకోవాలి" అని చెప్పి పంపాడు. పాల కేంద్రం మేనేజరు పెట్టిన షరతు ఒక్కటే: ఆరు రోజులు తోలి చూపించాలి. ఆరింట్లో ఒక్క రోజు ఆలస్యమైనా ఏడో రోజు రానక్కర్లేదు.

మొదటి రోజు ఆవరణలో అడుగుపెట్టగానే పల్లమెరుగు జేబులోంచి గోలీకాయ తీసి సిమెంటు నేల మీద వదిలాడు. కదల్లేదు. ఇటు తిప్పి పెట్టాడు. అప్పుడూ కదల్లేదు. అద్దంలా చదునుగా ఉంది. పైగా క్యాన్లు ఎక్కించేటప్పుడు పొగ రాకూడదు, ఇంజను ఆపాల్సిందేనట. లోడయ్యాక తాళంచెవి తిప్పడం తప్ప గతి లేదు.

మొదటి రోజు ఇంజను మామూలుగానే తిరిగింది. రెండో రోజు మూలిగి తిరిగింది. మూడో రోజు, బంధువుల పెళ్ళికి మొహమాటానికి లేచినట్టు లేచింది. ఆ సాయంత్రం పల్లమెరుగు భార్యను వెంటబెట్టుకుని తోడల్లుడి షాపుకు వెళ్ళాడు.

తోడల్లుడు ముల్లున్న పరికరం తగిలించి రెండు బ్యాటరీలూ పరీక్షించాడు. మొదటిదానికి ముల్లు కిందకు పడిపోయింది. రెండోదానికి సగందాకా వచ్చి వణికింది.

"తమ్ముడూ, ఇది పోయింది. ఇది దాని పక్క మంచంలో ఉంది. రెండూ మార్చెయ్."

"పక్క మంచంలో ఉన్నవాణ్ణి కూడా పాడెక్కిస్తావా అన్నయ్యా? ఒకటి చాలు."

"ఒకే కాడికి కట్టిన ఎడ్లురా ఇవి. ముసలెద్దు పక్కన కోడెను కడితే బండి ముసలెద్దు నడకే నడుస్తుంది. పైగా కోడె నడుం కూడా విరుగుతుంది. జంట అంటే జంటగానే మార్చాలి."

"అమ్మేవాడివి, ఇంకేమంటావులే."

"షాపువాడిగా కాదు, తోడల్లుడిగా చెబుతున్నా."

"తోడల్లుడి సలహా వినే పెళ్ళి చేసుకున్నా. ఒక్కసారి చాల్లే."

షాపు వెనక గదిలోంచి వదినగారి గొంతు ఖంగుమంది: "వినపడుతోందయ్యా! ఇక్కడే ఉన్నా!"

"మిమ్మల్ని కాదు వదినా, బ్యాటరీలను!" అని సర్దుకున్నాడు. భార్య మెల్లగా, "ఏవండీ, పోనీ రెండూ తీసుకుందాం. నా మాట వినండి" అంది.

"నీకేం తెలుసే? ఈ రెండోదానికి ఆరేళ్ళ నాలుగు నెలల చరిత్రుంది. అలాంటిదాన్ని చెత్తలో పారేస్తామా?"

తోడల్లుడు ఏదో అనబోయాడు. మరదలు కళ్ళెర్రజేసింది. నోరు మూసుకుని ఒక్క కొత్త బ్యాటరీ బిగించి, దాని మూత మీద పెయింటుతో తేదీ రాశాడు. రాస్తూ ఎందుకో తలకాయ అడ్డంగా ఊపాడు.

కొత్త బ్యాటరీ పెళ్ళికొడుకు హుషారు రెండు రోజులు నడిచింది. నాలుగో రోజు, ఐదో రోజు లారీ ఠంచనుగా కదిలింది. "చూశావా?" అని భార్యను రెండుసార్లు అడిగాడు. ఆవిడ చూసింది.

ఆరో రోజు మిగతా లారీలన్నీ గేటు దాటిపోయాయి. చివరి క్యాను ఎక్కింది. పల్లమెరుగు తాళంచెవి తిప్పాడు. 'టక్' అంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి అదీ అనలేదు. క్యాన్లు మోసే ఎనిమిది మంది వెనకనుంచి తోశారు. లారీ అంగుళం కదల్లేదు కానీ ఒకడి చొక్కా వీపు మీద పర్రున చిరిగింది.

"చిన్న పల్లం ఉన్నా చాలు సార్" అన్నాడు పల్లమెరుగు, మేనేజరు దానికి తవ్వకం పనివాళ్ళను పిలిపిస్తాడేమో అన్నంత ఆశగా.

మేనేజరు చేతి గడియారం చూశాడు. "అరగంట టైమిస్తున్నా. ఆ తర్వాత పాలు విరుగుతాయి. నీకూ నాకూ మధ్య కూడా విరుగుతుంది."

ఇంటికి ఫోన్ చేశాడు. "మీ బావను రమ్మను. రెండోది తెమ్మను" అన్నాడు. ఆ రెండు మాటలూ అనడానికి ఎంత ఖర్చయిందో ఆయన గొంతులోనే తెలిసింది. ఇరవై ఐదు నిమిషాలకు ట్రాలీ ఆటో ఒకటి గేటులోకి వచ్చింది. ముందు తోడల్లుడు. వెనక, చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు బ్యాటరీని రెండు చేతులా పట్టుకుని భార్య.

పాతది తీసి కొత్తది బిగించేసరికి నాలుగు నిమిషాలైంది. తాళం తిప్పగానే ఇంజను ఒక్కసారిగా అందుకుంది. పల్లమెరుగు హమ్మయ్య అనుకున్నాడు. మేనేజరు మాత్రం నేల మీదున్న పాత బ్యాటరీ దగ్గరే ఆగిపోయి, వంగి పెయింటు చదివాడు.

"ఇది ఎన్నాళ్ళ నాటిదయ్యా?"

ఇలాంటి సమయంలో మనిషి నోరు కట్టేసుకుంటాడు. కానీ ఆ ప్రశ్న ఎవరడిగినా ఆయన నోటికి జవాబు అలవాటై ఉంది. "ఆరేళ్ళ నాలుగు నెలలు సార్!" అన్నాడు ఛాతీ విరిచి.

"ఆరేళ్ళ బ్యాటరీ పెట్టుకుని పాల లోడుకు వచ్చావా? రెండు వందల క్యాన్లు నీ చేతిలో పెడితే ఇదా జాగ్రత్త? రేపటినుంచి రాకు."

 అప్పుడు భార్య ముందుకొచ్చింది.

"అది ఆరేళ్ళది కాదు సార్. మూడేళ్ళ చిల్లర."

"ఏమేయ్, నీకు పిచ్చా?" అన్నాడు పల్లమెరుగు.

"మీరు కామెర్లతో పడుకున్నప్పుడు పాతవి రెండూ చచ్చిపోయాయి. లేచొచ్చి లారీ తోస్తానంటారని భయపడి బావను పిలిచి కొత్తవి వేయించా. డాక్టరేమో మనసు కష్టపెట్టొద్దన్నాడు. అందుకే పాత తేదీయే రాయమన్నా. నెల తర్వాత చెబుదామనుకున్నా. ఈలోగా మీరు టీ బంకు దగ్గర మొదలెట్టేశారు. ఇంక ఎక్కడ చెప్పను?"

"నా చేత ఒట్టేయించుకుంది తమ్ముడూ" అన్నాడు తోడల్లుడు నేల చూపులు చూస్తూ. "ముప్పై ఏళ్ళ షాపులో నేను రాసిన దొంగ తేదీలు ఆ రెండే."

మేనేజరు మాటలు నమ్మే మనిషి కాదు. బ్యాటరీని పక్కకు వంచి, మసి తుడిచి, కంపెనీ వాళ్ళు గుద్దిన ముద్ర చూశాడు. మూడున్నరేళ్ళ నాటిది.

"మూడున్నరేళ్ళు వాడి పాడైందంటే అందులో తప్పేం లేదు. ఎవరికైనా అవుతుంది. ఆరేళ్ళంటే మాత్రం ఒప్పుకోను. పెయింటు ఒకటి చెబుతోంది, ముద్ర ఒకటి చెబుతోంది. లారీ నీది. ఏది నిజమో నువ్వు చెప్పు."

ఎనిమిది మంది కూలీలు, ఒక తోడల్లుడు, ఒక భార్య చూస్తున్నారు. కూలీల్లో ఇద్దరు అదే టీ బంకులో టీ తాగేవాళ్ళు. ఒక పక్క ఆరేళ్ళ నాలుగు నెలల కీర్తి, ఇంకో పక్క నడుము. పల్లమెరుగు బ్యాటరీ వంక చూశాడు, భార్య వంక చూశాడు. ఆవిడ చేతులకు బ్యాటరీ మసి, అరచేతుల్లో తాడు లాగి లాగి కాసిన కాయలు.

"ముద్రే నిజం సార్" అన్నాడు. ఇంజను చప్పుడులో వినపడలేదని మేనేజరు మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాడు. అదే ఎక్కువ కష్టమైంది.

"రేపు ఐదున్నరకు వచ్చెయ్" అన్నాడు మేనేజరు.

మర్నాడు తెల్లవారుజామునే భార్య అలవాటు కొద్దీ వీధిలోకి వచ్చి తాడు కోసం చెయ్యి చాచింది. లారీ అక్కడ లేదు. వీధి మొదట్లో, చదును నేల మీద ఉంది. చెక్కదిమ్మ ఏమైందా అని లోపలికెళ్ళి చూస్తే వంటింట్లో స్టవ్ కాళ్ళ కింద కనిపించింది. ఒరిగిన పక్క సరిచేసి పెట్టాడు. సామెతలో రెండో సగం ఏ దేవుడికి తెలుసో ఏమో, ఆ ఇంట్లో నిజం ఎరిగింది ఎవరో ఆయనకు బోధపడినట్టుంది.

ఆవిడ లారీ దగ్గరికి వెళ్ళేసరికి పల్లమెరుగు తాళం తిప్పాడు. ఇంజను ఒక్క దెబ్బకే అందుకుంది. అప్పుడే అటు వచ్చిన పక్క లారీ డ్రైవరుకు వినపడేలా కిటికీలోంచి తల బయటపెట్టి అన్నాడు:

"చూశావా? నేను ముందే చెప్పలేదూ, మార్చితే రెండూ కలిపే మార్చాలని!"

ఆవిడకు దగ్గొచ్చింది.