బారసాలకు దాచిన తేనె

2022 ఫిబ్రవరి. డెల్టాలో దాళ్వా వరికి, అంటే రెండో పంటకు, పురుగుమందులు కొట్టే రోజులు. నల్లజర్ల దగ్గర కోకో తోటల్లో నాకు తేనెటీగల పెట్టెలున్నాయి. ఇళ్ల గోడల్లో చేరిన ఈగలను చంపకుండా తీసి ఆ పెట్టెల్లోకి మార్చడం నా పనిలో సగం. దీన్ని మేము కటౌట్ అంటాం. గోడ విప్పి, స్మోకర్‌తో, అంటే పొగ వదిలే డబ్బాతో, ఈగలను నెమ్మదింపజేసి, పట్టు కోసి చెక్క చట్రాలకు కట్టాలి. రాణి ఈగ పెట్టెలోకి వచ్చిందంటే మిగతావి దాని వెంటే వస్తాయి.

ఒక సోమవారం అత్తిలి నుంచి సత్యవతి గారని ఒకావిడ ఫోన్ చేశారు. పడమటి గదిలో పాత కిటికీని లోపలా బయటా పలకలు కొట్టి మూసేశారట. ఆ సందులో ఈగలు పట్టు పెట్టాయట.

"మా అమ్మాయి దుర్గ పురిటికొచ్చిందండీ. పక్క గదిలోనే పసివాడున్నాడు. కాస్త తొందరగా రండి" అన్నారు.

అప్పుడు నేను జంగారెడ్డిగూడెంలో పెట్టెలు దించుతున్నాను. "గురువారం వస్తానండీ" అని పెట్టేశాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

గురువారం వెళ్లేసరికి కిటికీ కింద చచ్చిన ఈగలు చేటెడు పడి ఉన్నాయి. మేతకు పోయి బతికిపోయిన కొన్ని మాత్రం పలకల చుట్టూ తిరుగుతున్నాయి. దగ్గరకు వెళ్లగానే మందు వాసన గుప్పుమంది. వరిలో దోమకు కొట్టే మందు. ఆ వాసన ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు.

"ఎవరు కొట్టారండీ ఇది?"

"మా అబ్బాయండీ. నిన్న చేలో కొట్టగా కాస్త మిగిలిందని, స్ప్రేయర్ గొట్టం సందులో పెట్టి కొట్టేశాడు" అన్నారు సత్యవతి గారు.

పలక ఊడదీశాను. అడుగున కుప్పలో రాణి ఈగ చచ్చి ఉంది. బ్రూడ్, అంటే పిల్ల పురుగులుండే భాగం, అక్కడే వేలాడుతూ కంపు కొడుతోంది. పైన తేనె ఉండే భాగం మాత్రం లేదు, కొడవలితో శుభ్రంగా కోసేసినట్టుంది.

"పై ముక్క ఏమైంది?" అని అడిగాను.

కొడుకు రాంబాబు ముందుకొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మొహమంతా సంతోషం. "ఈగలు చచ్చాక పలక విప్పి కోసి, పిండి వడకట్టానండీ. రెండు సీసాలయ్యింది. ఎల్లుండే మా మేనల్లుడి బారసాల. ఉంగరంతో వాడి నాలిక మీద తేనె నేనే రాయాలి కదండీ. కొట్లో తేనె నమ్మలేమండీ, అందులో ఏం కలుపుతారో."

నాకు ఒళ్లు మండిపోయింది. "మందు కొట్టిన పట్టులో తేనె పసివాడికి పెడతారా? మీకసలు బుద్ధుందా?" అన్నాను. మా వైపు పరాయి ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. నేను మాట్లాడాను, ఇప్పటికీ దానికి విచారించను.

అతనికీ కోపం వచ్చింది. "ఏవండీ, ఆ మందు కొట్టిన చేలో వడ్లే కదా ఊరంతా తింటున్నది?"

"కొట్టిన రోజే వరి వెన్ను దులుపుకుని తింటున్నారా?"

"వడకట్టానన్నాను కదండీ."

"అయితే ముందు మీరొక చెంచా తాగండి, చూద్దాం."

నిజంగా తాగనిచ్చేవాణ్ణి కాదు. చెయ్యి పట్టుకునేంత దగ్గరలోనే నిలబడ్డాను. అతను పౌరుషంగా సీసా తెచ్చి చెంచాలో పోసుకున్నాడు. నోటిదాకా తెచ్చాడు. అక్కడే ఆగి, కాసేపు దానివంక చూసి, చెంచా కిటికీ గట్టు మీద పెట్టేశాడు.

పసివాణ్ణి భుజాన వేసుకుని దుర్గ గుమ్మంలో నిలబడి ఉంది. "నువ్వు తాగలేనిది వాడికి రాద్దామనుకున్నావా అన్నయ్యా?" అంది. తర్వాత తల్లి వైపు తిరిగింది. "ఏడాది నిండేదాకా మంచి తేనె కూడా పెట్టొద్దని ఆసుపత్రిలో చెప్పారమ్మా. ఆనవాయితీ అని నువ్వే వినలేదు."

ఆ తేనె బయట పారబోస్తే వేరే ఈగలు వచ్చి తాగి చస్తాయని చెప్పాను. రాంబాబు పెరట్లో మోకాలి లోతు గొయ్యి తీసి, సీసాలూ పట్టూ చెంచాతో సహా అందులో వేసి పూడ్చాడు. పని అయ్యేదాకా తలెత్తలేదు.

నేను ఖాళీ పెట్టెతో నల్లజర్ల బస్సెక్కాను. దారంతా అతన్ని తిట్టుకున్నాను. తాడేపల్లిగూడెం వచ్చేసరికి తిట్లు నా మీదికి తిరిగాయి. మందు కొట్టకండి, తేనె ముట్టకండి అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఇన్నేళ్లు ఈ పని చేస్తూ, పక్క గదిలో పసివాడున్నాడని విని కూడా, గురువారం వస్తానని చెప్పి ఊరుకున్నాను.

ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా ఊరి పేరు అడగక ముందే ఆ రెండు ముక్కలూ చెబుతాను. తిరిగి వాళ్ల చేత అనిపిస్తాను. కొందరికి చిరాకు. "ఆ మాత్రం మాకు తెలీదాండీ" అంటారు. తెలుసు. అది విషమని రాంబాబుకీ తెలుసు. చెంచా తన నోటిదాకా వచ్చాక గుర్తొచ్చింది.