సెల్లారులోంచి పైకొచ్చిన డెగూలు

రోస్‌విత కూనెర్ట్‌కు కోపం వస్తే నాలుగో అంతస్తులో లేచిన గొంతు కింద సైకిళ్ళ గదిదాకా దిగేది. జర్మనీలోని హాలె నగరంలో నదికి అవతల, నోయ్‌స్టాట్ పేటలోని ఒక సిమెంటు మేడలో ఆమె నలభై ఏళ్ళుగా కాపురముంది. వయసులో ఉండగా రసాయనాల ఫ్యాక్టరీలో క్రేన్ నడిపింది. అంత ఎత్తునుంచి కిందివాళ్ళకు వినపడాలంటే అరవక తప్పదు. ఫ్యాక్టరీ మూసేశాక బడి వంటశాలలో చేరి ఇరవై రెండేళ్ళు పిల్లలకు బంగాళాదుంపలు ఉడికించింది. అక్కడా అరుపే. రిటైరయ్యాక అరవడానికి మేడలోని జనం, మొగుడు ఫోల్క్‌మార్ మిగిలారు. ఫోల్క్‌మార్ వడ్రంగి. చెవికి మిషను పెట్టుకుంటాడు. పెళ్ళాం గొంతు పెరిగే సూచన కనబడగానే దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు.

"అది జేబులో వేసుకుంటే నేను చెప్పేది నీకెలా వినపడుతుందయ్యా?"

"తర్వాత మూడో అంతస్తు వాళ్ళని అడుగుతాలే," అనేవాడు.

మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున, ఊరవేసిన దోసకాయల సీసా కోసం ఆమె సెల్లారులోకి దిగింది. అక్కడ ఒక్కో ఇంటికీ చెక్క బద్దలు కొట్టిన చిన్న గది ఉంది. రెండో అంతస్తు వాళ్ళ గదిలోంచి గీరుతున్న చప్పుడు వినపడింది. వాసన కూడా వచ్చింది. ఆ ఇంట్లో అద్దెకున్న స్వెన్యా లోర్బేర్ అనే అమ్మాయి ఖాళీ చేసి వెళ్ళి అప్పటికి పదకొండు రోజులైంది. బద్దల సందులోంచి టార్చి వేసి చూస్తే, పాత పరుపు వెనక ఒక ప్లాస్టిక్ పంజరం. అందులో ఎలుక కంటే పెద్దవి, ఉడుత కంటే చిన్నవి, తోక చివర నల్ల కుచ్చు ఉన్న జంతువులు. మూడు ఒకదాన్నొకటి ఆనుకుని ముడుచుకున్నాయి. నాలుగోది దూరంగా పడి ఉంది. కదలడం లేదు.

రోస్‌విత పైకెక్కి, మొగుడి సామాన్లలోంచి మేకులు పీకే ఇనుప కడ్డీ తెచ్చి తాళం పగలగొట్టింది. నీళ్ళ సీసా ఎండిపోయి ఉంది. దాహానికో ఆకలికో పంజరం అంచులన్నీ కొరికి పెట్టాయి. పక్కన తీపి పెరుగు బిళ్ళల ప్యాకెట్ ఒకటి, ఖాళీది. ఆమె అక్కడే నిలబడి మేడ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఎలుకలా? మందు పెట్టేవాళ్ళని గురువారం పంపిస్తామండీ," అన్నాడు అవతలి మనిషి.

"మందు నీ బుర్రకి పెట్టాలి! ఎలుకలు కావు, ఎవరో పెంచుకుని పారేసిన ప్రాణాలు. ఇల్లు అప్పజెప్పించుకున్న రోజు సెల్లారులోకి తొంగి చూశావా నువ్వు?"

"ఆ గదికి తాళం ఉండాలి కదండీ. తాళం పగలగొట్టింది మీరేనా?"

"నేనే. రాసుకో. కూనెర్ట్, నాలుగో అంతస్తు, ఎడమ వైపు. ఇంకో రెండు పగలగొట్టమంటావా?"

జంతువుల ఆశ్రమం నడిపే టీట్యెన్ అనే ఆవిడ వాటిని చూడగానే పెదవి కొరుక్కుంది. ఇవి డెగూలనే దక్షిణ అమెరికా జంతువులు, నాలుగూ ఆడవే, బహుశా అక్కచెల్లెళ్ళు అంది. మూడింట్లో ఒకదానికి కళ్ళు పాలలా తెల్లబడి ఉన్నాయి.

"వీటికి తీపి పడదమ్మా. చక్కెర జబ్బొచ్చి కళ్ళు పోతాయి. దీనికి పోయాయి. ఎవరో ముద్దుచేసి పెట్టారు."

"ముద్దు చేశారా!" అంది రోస్‌విత. ఆ మాట గుసగుసలా వచ్చింది. కోపానికి గొంతు లేవకపోవడం ఆమెకదే మొదటిసారి.

ఆశ్రమంలో చోటు లేదు. ఆ అమ్మాయికి ఉత్తరం రాస్తామనీ, జవాబు రాకపోతే ఎవరికైనా దత్తతకిస్తామనీ, అందాకా ఉంచుకోగలరా అనీ టీట్యెన్ అడిగింది. జవాబు రాలేదు. ఏప్రిల్‌లో రోస్‌వితే దత్తత కాగితం మీద సంతకం పెట్టింది. టీట్యెన్ జాగ్రత్తలన్నీ చెప్పింది. మొదటి రోజుల్లో ముట్టుకోకూడదు. రోజూ ఒకే వేళకు ఎండుగడ్డి వెయ్యాలి. పంజరం సగం మీద గుడ్డ కప్పాలి. తోక పట్టుకుని ఎత్తితే తోక చర్మం చేతిలోకి ఊడి వస్తుంది. "ఇంకోటి. ఇంట్లో గొంతు పెద్దగా ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

ఆ రోజు చెవి మిషను పెట్టుకునే ఉన్న ఫోల్క్‌మార్, "ఉన్నారు," అన్నాడు.

పాత బట్టల బీరువా తలుపులు పీకి, ఇనుప వల బిగించి, కొరికేచోటల్లా రేకు కొట్టి ఆయన మూడంతస్తుల ఇల్లు తయారుచేశాడు. రోస్‌విత ఆ సెల్లారు వాసన మీద కసితో, పంజరంతో వచ్చిన చెక్క గూడును వేడినీళ్ళతో తోమి తోమి పెట్టింది. పాత గడ్డి గుప్పెడు కూడా మిగల్చకుండా పారేసింది. సాయంత్రానికి మూడూ కాట్లాడుకున్నాయి. పదకొండు రోజుల చీకట్లో ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్న ప్రాణులు, కొత్త వాళ్ళను చూసినట్టు పళ్ళు బయటపెట్టుకుని దూకాయి. గుడ్డిదాని చెవి చీరుకుపోయింది.

"అమ్మా, అవి ఒకదాన్నొకటి వాసనతో గుర్తుపడతాయి. మీరేమో వాసనంతా కడిగేశారు," అంది టీట్యెన్ ఫోన్‌లో.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్పనిచ్చారా?"

రోస్‌విత ఫోన్ పెట్టేసి చెత్త డబ్బాల దగ్గరకు దిగింది. తను పారేసిన పాత గడ్డి సంచీ వెతికి తెచ్చి గుప్పెళ్ళతో బీరువాలో చల్లింది. వాటి ఇసుక స్నానం గిన్నె మాత్రం ఆపైన కడగలేదు. మూడూ ఒకదాని తర్వాత ఒకటి అదే ఇసుకలో పొర్లి, రెండు రోజులకు మళ్ళీ ఒక్క కుప్పగా పడుకున్నాయి. ఫ్యాక్టరీ రోజుల్లో ఒకే షిఫ్టులో తనతో క్రేన్లు నడిపిన ఆడవాళ్ళ పేర్లు పెట్టింది: ఎల్‌ఫ్రీడ, ఊర్జెల్, హన్నె. గుడ్డిది హన్నె.

దగ్గరకు మాత్రం రాలేదు. రోజూ పదింటికి ఆమె బీరువా ముందు స్టూలు వేసుకుని, తెరిచిన వాకిట్లో చెయ్యి పెట్టి గంటసేపు కదలకుండా కూర్చునేది. చెయ్యి కదలకపోయినా కోపం ఊరుకునేది కాదు. ఆ పిల్ల ఎప్పుడైనా కంటబడితే ఏమనాలో ఆ గంటలో కూర్చుకునేది. రోజుకో మాట చేర్చేది. అప్పుడప్పుడు కోపం పట్టలేక పైకే అనేసేది. అనగానే ఎల్‌ఫ్రీడ కీచుమని హెచ్చరిక కూత వేసేది. మూడూ గూట్లో దూరేవి.

"నువ్వు అరిస్తే అవి దాక్కుంటున్నాయి రోజీ," అన్నాడు ఫోల్క్‌మార్.

"నేనెక్కడ అరిచాను? మాట్లాడాను."

"వాటికి గూడుంది. ముప్పై ఏడేళ్ళుగా నాకు జేబే దిక్కు."

ఐదు వారాలు గడిచాయి. ఆమె లేచి వెళ్ళాకే ఆకులు తినేవి. మే నెలలో ఒక శనివారం మూడింటికి, కాఫీ వేళ, గంట మోగింది. తలుపు తీస్తే స్వెన్యా. ఇరవై మూడేళ్ళుంటాయి, జుట్టు తడిగా ఉంది, గొడుగు కూడా లేదు.

"కూనెర్ట్ గారూ, నమస్కారం. నా జంతువులు మీ దగ్గరున్నాయని..."

"నీ జంతువులా?" అంది రోస్‌విత. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ వరసగా రాలేదు. అన్నీ ఒక్కసారే వచ్చాయి. "పదకొండు రోజులే! నీళ్ళు లేక ప్లాస్టిక్ నమిలాయే! నువ్వు ఆ పదకొండు రోజులూ నీళ్ళు తాగావా? పడుకున్నావా మెత్తగా? ఆశ్రమం వాళ్ళు ఉత్తరం రాస్తే చదివావా?"

"చదివాను."

"చదివి?"

"సిగ్గేసింది. కొత్త ఇంట్లో వీటికి ఒప్పుకోలేదు. రెండు రోజుల్లో ఎవరికైనా ఇద్దామని అక్కడ పెట్టాను. రెండో రోజు కుదర్లేదు. మూడో రోజు రావాలంటే భయమేసింది, ఏం చూడాల్సొస్తుందోనని. రోజు గడిచేకొద్దీ ఇంకా..." ఆ పిల్ల ఆగింది. "నా దగ్గర సాకేం లేదండీ."

సాకు చెప్పి ఉంటే రోస్‌విత దాన్ని చీల్చి చెండాడేది. చెప్పలేదు కాబట్టి ఇంకా మండింది. ఈలోగా ఫోల్క్‌మార్ వెనకనుంచి, "తడిసి వచ్చింది, గుమ్మంలో నిలబెట్టకు, లోపలికి రానీ," అన్నాడు.

బీరువా ముందుకు రాగానే స్వెన్యా మోకాళ్ళ మీద కూర్చుంది. నాలుక అంగిలికి ఆనించి టక్ టక్‌మని చిన్నగా చప్పుడు చేసింది. అంతే. గూట్లోంచి మొదట గుడ్డిది వచ్చింది. గోడ తడుముకుంటూ, మెట్టు మెట్టుకూ ముక్కు ఆనించుకుంటూ కిందికి దిగి, వల మీదికెక్కి, ఆ పిల్ల వేళ్ళకు మూతి ఆనించి కిచకిచమని పాట మొదలుపెట్టింది. పిట్ట కూసినట్టు ఆగకుండా పాడింది. ఐదు వారాల్లో ఆ ఇంట్లో ఎవరూ వినని పాట. తర్వాత మిగతా రెండూ వచ్చాయి.

"ఫ్లోకె," అంటూ ఏడ్చింది స్వెన్యా. "లోటె, టిల్లి. మీకె ఏదండీ?"

"మీకె ఎవరు?"

"నాలుగోది."

"మట్టిలో ఉంది," అంది రోస్‌విత. "ఊరి చివర ఫోల్క్‌మార్ అద్దెకు తీసుకున్న తోటలో, ఆపిల్ చెట్టు కింద. ఇక లే."

"ఒక్క నిమిషం..."

"లే అన్నాను! దాని కళ్ళు చూశావా? నువ్వు పెట్టిన తీపి బిళ్ళల వల్లే పోయాయి. కనపడదు కాబట్టి నీ దగ్గరకొచ్చింది. కనపడితే వచ్చేదా?"

అది నిజం కాదని అన్నాక తనకే తెలిసింది. కళ్ళున్న రెండూ కూడా వచ్చాయి మరి. మూడూ ఇంకా వల పట్టుకుని ఆ పిల్ల వైపే చూస్తున్నాయి. రోస్‌విత భుజం పట్టుకుని స్వెన్యాను గుమ్మందాకా తీసుకెళ్ళి తలుపు వేసేసింది. ఆ సాయంత్రమంతా అవి వాకిలి వైపు చెవులు పెట్టుకుని కూర్చున్నాయి. ఆమె వంటింట్లో గిన్నెలు విసురుగా తోమింది. ఒక పళ్ళెం పగిలింది.

"అన్నం పెట్టేది నేను! గడ్డి వేసేది నేను! గంటలు గంటలు స్టూలు మీద కూర్చుని నడుం పోగొట్టుకుంది నేను! పారేసి పోయిన దాన్ని చూసి పాటలు పాడతాయా?"

ఫోల్క్‌మార్ మిషను తియ్యలేదు. "అవి లెక్కలు చూడవు రోజీ," అన్నాడు. "ఆ చీకటికి ముందు ఆ పిల్ల చెయ్యే వాటికి తెలుసు."

"నాకు నీతులు చెప్పకు."

పది రోజులు ఆగి ఆమె ఆశ్రమం నుంచి నంబరు తీసుకుని స్వెన్యాకు ఫోన్ చేసింది. "నీ మీద కోపం తగ్గిందనుకోకు. తగ్గలేదు. ఆ టక్ టక్ ఎలా చేస్తావో చెప్పు," అంది. స్వెన్యా చెప్పింది. చెప్పినట్టు చేస్తే రోస్‌విత కట్టుడు పళ్ళు ఊడి ముందుకొచ్చాయి. కోపంగా సర్దుకుని మళ్ళీ చేసింది. వచ్చిన చప్పుడు టక్ కాదు, గుటక మింగినట్టు ఏదో. అయినా రోజూ గడ్డి వేసేముందు అదే చేసింది. జూలైలో ఒక పొద్దున ఎల్‌ఫ్రీడ వచ్చి ఆమె అరచేతిలో అర నిమిషం కూర్చుంది. కూర్చుని ఉచ్చపోసింది. రోస్‌విత చెయ్యి తియ్యలేదు. ఊపిరి కూడా సరిగ్గా తియ్యలేదు.

హన్నె మాత్రం ఎప్పుడూ రాలేదు. సెప్టెంబరులో జబ్బు ముదిరి, తిండి మానేసి మూడో రోజు పోయింది. రోస్‌విత మళ్ళీ ఫోన్ చేసింది. "చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నీ ఫ్లోకె పోయింది." అవతల ఆ పిల్ల ఏడుస్తుంటే ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. పెట్టెయ్యనూ లేదు. ఏడుపు ఆగాక, "ఆదివారం పదకొండుకి తోటకి రా," అంది.

స్వెన్యా వచ్చింది. రోస్‌విత పార ఆమె చేతికిచ్చి, "తవ్వు," అంది. "మొదటిదానికి నేను తవ్వాను." వేర్లు అడ్డొచ్చి ఆ పిల్ల అరచేతులు బొబ్బలెక్కేదాకా తవ్వింది. రోస్‌విత సాయం పట్టలేదు, ఫోల్క్‌మార్‌ను పట్టనివ్వలేదు. అయ్యాక ముగ్గురూ కాఫీ తాగారు. ఆ తర్వాత స్వెన్యా మళ్ళీ రాలేదు, ఈమె పిలవలేదు. క్షమించావా అని చెల్లెలు అడిగితే, "ఏం, అది నా పనా?" అంది.

ఇప్పుడు డెగూలను దత్తతకు తీసుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసి రమ్మని టీట్యెన్ రోస్‌వితనే పంపిస్తుంది. జనం ఆమెకు భయపడతారు, అదే మంచిదంటుంది టీట్యెన్. పోయిన వారం ఒక లెక్కల మాస్టారి ఇంటికి వెళ్ళింది. పంజరం టీవీ పక్కనే ఉంది. పైన గిన్నెలో ఎండు ద్రాక్ష.

"ఇవి ఎవరికి?"

"వాటికేనండీ. మచ్చిక కావాలని..."

రోస్‌విత గిన్నె తీసుకుని, ద్రాక్షలన్నీ నోట్లో వేసుకుని నమిలింది. నమిలాక, డెగూలు బెదరకుండా, గుసగుసగా, పళ్ళు బిగించి ఇరవై నిమిషాలు తిట్టింది. మాస్టారు వింటూనే టీవీ తీగలు పీకి, పంజరాన్ని ఆమె చూపించిన మూలకు జరిపాడు.